నట్టు బిగువే, చక్రం వదులు

2021 జూలై, ఆగస్టు మాసాల్లో, నెల రోజుల వ్యవధిలోనే, కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలను గురించి రెండు భిన్నమైన మాటలు చెప్పింది. జూలైలో వెలువడిన నిబంధనలు 50 ఏళ్లు నిండి, తొలి రూపం చెడకుండా నిలిచిన వాహనాన్ని 'వింటేజి' అని గౌరవించాయి. దానికి ప్రత్యేకమైన నంబరు పలకను, అందులో 'వీఏ' అనే రెండక్షరాలను, పదేళ్లు చెల్లే ధ్రువపత్రాన్ని ప్రసాదించాయి. ఆగస్టు 13న ప్రధానమంత్రి ప్రారంభించిన తుక్కు విధానం మాత్రం వయసు మళ్లిన వాహనం దేశానికి భారమనీ, దానిని ముక్కలు చేసి ఉక్కుగా కరిగించడమే శ్రేయస్కరమనీ బోధించింది. రెండు మాటలూ ఒకే మంత్రిత్వ శాఖవి. 50 ఏళ్లు దాటితే వారసత్వ సంపద, అందాకా తుక్కు అభ్యర్థి! ఈ రెండు మాటల నడుమ ఇరుక్కుపోయిన బండి ఏదైనా ఉన్నదంటే అది మన తండ్రులు నడిపిన స్కూటరు.

ఆ ఇరుకు ఎలాంటిదో తెలుసుకోవడానికి రాజధాని వీధుల్లో వెదకి లాభం లేదు. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వును 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఖాయపరచింది. 2025 జూలై 1 నుంచి అటువంటి వాటికి బంకుల్లో పెట్రోలు పోయరాదని ఆంక్ష పెట్టి, జనం గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజులకే దానిని నిలిపివేశారు. ఇటువంటి చోట పాత స్కూటరు ఇంటి వెనుక దాగవలసిందే. దానిని చూడాలంటే తూర్పుకు పోవాలి. జంషెడ్‌పూర్ శివార్లలోని గోవింద్‌పూర్ వంటి ఊళ్లకు పోవాలి.

జంషెడ్‌పూర్ అనగానే మనకు ఉక్కు గుర్తుకు వస్తుంది. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ, సాక్చీ అనే పల్లె, 1919లో జంషెట్జీ టాటా పేరిట ఆ ఊరికి జరిగిన నామకరణం పాఠ్యపుస్తకాలు చెప్పే చరిత్ర. పాఠ్యపుస్తకాలు చెప్పని చరిత్ర ఒకటి ఉంది. అది శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి బెంగాల్ నాగపూర్ రైలు మార్గం వెంట కూలికీ, ఉద్యోగానికీ వెళ్లి, అక్కడే తరాలు గడిపిన తెలుగువారిది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి సాక్ష్యం. ఇంట తెలుగు, బజారులో హిందీ, కార్ఖానాలో ఇంగ్లీషు ముక్కలు కలిసిన ఒక విలక్షణమైన పలుకు వారిది.

గోవింద్‌పూర్ ఆ నగరానికి ఒక అంచున, 1945లో పుట్టిన టెల్కో కార్ఖానాకు పొరుగున ఉంటుంది. రైలింజన్లతో మొదలై 1954 నుంచి జర్మనీ డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీలు తయారు చేసిన కార్ఖానా అది. జనాభా లెక్కల శాఖ గోవింద్‌పూర్‌ను 'సెన్సస్ టౌను' అన్నది. అనగా 5,000కు మించిన జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది సాంద్రత, పురుష శ్రామికులలో కనీసం 75 శాతం మంది సేద్యేతర వృత్తులలో ఉండటం అనే మూడు షరతులూ తీరినా, చట్టరీత్యా పురపాలక సంఘం లేని ఊరు. లెక్కలో పట్టణం, పాలనలో పల్లె. ఇటువంటి ఊళ్లలో పని మానిన కార్మికుని వాకిట పాత స్కూటరు ఉండటం వింత కాదు; అది నడుస్తూ ఉండటమే విశేషం.

ఆ స్కూటరు అక్కడికి ఎలా చేరిందో ఒకసారి స్మరించుకోవాలి. ఇటలీలో యుద్ధానంతరం 1946లో పియాజియో సంస్థ వెస్పాను, 1947లో ఇన్నొసెంటి సంస్థ లాంబ్రెట్టాను రూపొందించాయి. బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా లాంబ్రెట్టాను మన దేశంలో బిగించింది. వెస్పాను దిగుమతి చేసుకొని అమ్మిన బజాజ్ సంస్థ లైసెన్సు సంపాదించి 1960 దశకంలో ఇక్కడే తయారు చేసింది. ఇటలీ ఒప్పందం 1971లో ముగియగా, మరుసటి సంవత్సరం చేతక్ వచ్చింది. అదే 1972లో కేంద్ర ప్రభుత్వం ఇన్నొసెంటి యంత్రాలను కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా సంస్థను స్థాపించింది. 1975 నుంచి విజయ్ స్కూటర్లు బయటికి వచ్చాయి. రాష్ట్రాలూ వెనుకబడలేదు. మహారాష్ట్రకు ప్రియ, గుజరాత్‌కు గిర్నార్, మన హైదరాబాద్ ఆల్విన్‌కు పుష్పక్. రిఫ్రిజిరేటర్లు, బస్సు బాడీలు, గడియారాలు చేసిన ఆల్విన్ చేతుల మీదుగా స్కూటరు కూడా వచ్చిందంటే నేటి యువకులు నమ్మకపోవచ్చు.

ఇన్ని పేర్లున్నా స్కూటరు దొరికేది కాదు. ఎన్ని తయారు చేయాలో కార్ఖానా కాక కేంద్ర సచివాలయం నిర్ణయించిన కాలం అది. బుక్ చేసినవారు చేతక్ కోసం పదేళ్ల వరకు ఎదురు చూశారు. విదేశాల నుంచి డాలర్లు పంపగల బంధువు ఉన్నవాడికి వరుస తప్పించి బండి దొరికేది. షోరూము ధర కంటే వాడిన బండి ధర ఎక్కువ పలకడం అనే అర్థశాస్త్ర విచిత్రం కూడా అప్పుడే జరిగింది. కాబట్టి ఆ తరానికి స్కూటరు అంటే కేవలం వాహనం కాదు, పదేళ్ల నిరీక్షణ. అది చెడితే పారవేయడం అన్న ఆలోచనే వారికి తట్టలేదు. చెడితే బాగు చేయించాలి. ఆ అవసరం నుంచే ఊరూరా, వాడవాడా చెట్టు కింద మెకానిక్ పుట్టాడు.

ఇప్పుడు గోవింద్‌పూర్ బజారులో అటువంటి మెకానిక్ ముందు ఒక పాత స్కూటరు ఆగిందని అనుకుందాం. తెచ్చినవాడు టెల్కోలో పని చేసి విశ్రాంతి తీసుకున్న పెద్దమనిషి. ఫిర్యాదు ఇది: కిక్ కొడితే కాలిని వెనక్కి తంతున్నది, స్టార్టు అయితే 'టక టక' మని లోహపు చప్పుడు, నాలుగు కిలోమీటర్లు పోయేసరికి ఇంజను కాలిపోతున్నది. మెకానిక్ పక్క మూత తీసి, పంకా రెక్కలున్న చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపుతాడు.

"బాబాయ్, నట్టు బిగువుగానే ఉందండి. చక్రమే వదులు."

"అదేమిటి నాయనా! నట్టు బిగువైతే చక్రం ఎందుకు ఊగుతుంది?"

పెద్దాయన ప్రశ్న సమంజసమైనదే. ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినవాడే మెకానిక్. తెలియనివాడు నట్టును మరింత బిగించి పంపేస్తాడు.

ఫ్లైవీలు అనే ఆ చక్రం సుమారు రెండు మూడు కిలోల బరువుంటుంది. అది నాలుగు పనులు చేస్తుంది. పిస్టను ఒక్కొక్క పేలుడుకూ ఇచ్చే కుదుపును తన బరువులో దాచుకొని తిరుగుడును సమంగా ఉంచుతుంది. తనలో పొదిగిన అయస్కాంతాల వల్ల దీపాలకూ, స్పార్కుకూ విద్యుత్తు పుట్టిస్తుంది. రెక్కలతో గాలి విసరి సిలిండరును చల్లబరుస్తుంది. నాలుగవది మరింత సున్నితమైన పని. పాత వెస్పా, లాంబ్రెట్టా జాతి ఇంజన్లలో పాయింట్లను తెరిచి మూసే క్యామ్ ఈ చక్రపు బొడ్డు మీదనే ఉంటుంది. అనగా స్పార్కు ఏ క్షణంలో పడాలో నిర్ణయించేది ఇదే. ఇది రెండు స్ట్రోకుల ఇంజను గనుక ప్రతి చుట్టుకూ ఒక స్పార్కు. నిమిషానికి 5,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 83 సార్లు ఆ క్షణం తప్పకుండా రావాలి. చక్రం ఇరుసు మీద ఏ కాస్త జారినా స్పార్కు వేళ తప్పుతుంది. ముందుగా పడితే కిక్ వెనక్కి తంతుంది, పిస్టను నెత్తి వేడెక్కి చిల్లు పడే ప్రమాదమూ ఉంది. ఆలస్యంగా పడితే ఇంజను నీరసించి, వేడి పొగగొట్టం దారి పడుతుంది.

ఇంత బాధ్యత గల చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచేది ఏది? చాలామంది నట్టు అంటారు. కొందరు కీ అంటారు. అర్ధచంద్రాకారంలో ఉండే చిన్న ఉక్కు బిళ్ల, ఇరుసు గాడిలో కూర్చుంటుంది. రెండూ పూర్తి సత్యం కావు. క్రాంక్ షాఫ్టు చివర సన్నగా కోసుగా, శంఖువు వలె చెక్కి ఉంటుంది. చక్రపు బొడ్డు లోపలి రంధ్రమూ అదే వాలులో ఉంటుంది. ఈ రెండు వాలులూ ఒకదానినొకటి నిండుగా తాకి, నట్టు నొక్కుడుకు బిర్రబిగిసి, రాపిడితో పట్టుకుంటాయి. బరువు మోసేది ఆ పట్టు. కీ చేసే పని చక్రం ఏ కోణంలో కూర్చోవాలో చూపడం మాత్రమే. పట్టు సడలి భారం కీ మీద పడిననాడు అది కోసుకుపోతుంది. అందుచేత తెగిన కీని మార్చి అంతటితో సరిపెట్టుకుంటే కొత్త కీ కూడా తెగుతుంది. తెగిన కీ రోగం కాదు, రోగ లక్షణం.

నట్టు బిగువుగా ఉండి చక్రం ఊగినప్పుడు మెకానిక్ మూడు చోట్ల చూస్తాడు. మొదటిది చెప్పుకున్న వాలు. రెండవది రివెట్లు. ఈ చక్రాలలో మధ్యనున్న ఉక్కు బొడ్డును చుట్టూ ఉన్న పళ్లేనికి రివెట్లతో కలుపుతారు. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి అవి వదులైతే బొడ్డు కదలదు, పళ్లెం మాత్రం కదులుతుంది. అటువంటప్పుడు నట్టును ఎంత బిగించినా ఉపయోగం శూన్యం. రివెట్ల చుట్టూ తుప్పు రంగు పొడి కనిపిస్తే అనుమానం బలపడుతుంది. మూడవది లోపలి బేరింగు. అది అరిగితే చక్రంతో పాటు ఇరుసే ఊగుతుంది. అప్పుడు ఇంజను విప్పక గత్యంతరం లేదు. చక్రమూ ఇరుసూ కలిసి ఊగుతున్నాయా, విడివిడిగా ఊగుతున్నాయా అనేది వేలి కొన పెట్టి తెలుసుకోవచ్చు. పరీక్షకు పైసా ఖర్చు లేదు.

వాలు చెడిందని తేలితే పని ఇలా సాగాలి. నట్టు తీసి, చక్రాన్ని పుల్లరుతో లాగాలి. సుత్తితో కొట్టరాదు. ఈ ఇంజన్ల క్రాంక్ షాఫ్టు ముక్కలుగా చేసి ఒత్తిడితో కూర్చినది. సుత్తి దెబ్బకు వరుస తప్పుతుంది, అయస్కాంతాల బలమూ తగ్గుతుంది. తీసిన చక్రాన్ని ఇనుప రజను ఉన్న నేల మీద పెట్టకూడదు. రజను అయస్కాంతాలకు అంటి లోపలి కాయిళ్లను గీరుతుంది. తరువాత రెండు వాలులనూ పెట్రోలుతో కడిగి, నూనె జిడ్డు లేకుండా తుడవాలి. గాట్లు చిన్నవైతే, గాడిలోంచి కీ తీసివేసి, వాల్వులు రుద్దే సన్నని గ్రైండింగ్ పేస్టు పూసి, చక్రాన్ని ఇరుసు మీద అటూ ఇటూ కొద్ది కొద్దిగా తిప్పుతూ రుద్దాలి. పేస్టు అంతా కడిగి, రంగు పూసి ఒత్తి చూస్తే తాకుడు ఎంతవరకు ఉందో తెలుస్తుంది. చుట్టూ సమంగా, వాలులో అధిక భాగం రంగు అంటాలి. అక్కడక్కడ మాత్రమే అంటితే ఇంకా రుద్దాలి. గాట్లు లోతైతే రుద్దుడు చాలదు. షాఫ్టో, చక్రమో, రెండూనో మార్చాలి.

ఆపై కొత్త కీ పెట్టి, వాలు పొడిగా ఉండగానే చక్రం ఎక్కించాలి. జారుతుందని గ్రీజు రాయడం పెద్ద పొరపాటు. రాపిడి మీద ఆధారపడిన పట్టుకు గ్రీజు శత్రువు. కీ గాడిలోంచి పైకి లేచి చక్రాన్ని నిండుగా కూర్చోనివ్వడం లేదేమో గమనించాలి. కొత్త స్ప్రింగ్ వాషరు వేసి, కొలత పానాతో బిగించాలి. పెద్ద వెస్పా జాతి ఇంజన్లకు ఈ బిగువు సుమారు 60 నుంచి 65 న్యూటన్ మీటర్లు. చివరగా పాయింట్ల ఎడం, స్పార్కు వేళ సరిచూడాలి. కొద్ది రోజులు నడిపాక నట్టును మరొకసారి పరీక్షించడం మంచిది. రివెట్లు వదులైన చక్రానికి ఇంతకంటే జాగ్రత్త కావాలి. పాత రివెట్లు తొలగించి, సరైన కొలతవి వేసి, చక్రం కంపనం లేకుండా తిరుగుతున్నదో లేదో చూడగల పనివాడికే అది అప్పగించాలి. బొడ్డుకు వెల్డింగు పెట్టించడం తేలిక మార్గంగా కనిపిస్తుంది గాని, ఆ వేడికి అయస్కాంతాలూ చెడవచ్చు, చక్రం వంకరా పోవచ్చు. వేల చుట్లు తిరిగే బరువు మనిషి కాలికి జానెడు దూరంలో ఉన్నదని మరవరాదు.

దీనికి దొంగ వైద్యాలు లేకపోలేదు. వాలు మీద పంచ్‌తో చుక్కలు పొడిచి ఉబ్బించడం, మధ్యలో రేకు ముక్క చుట్టడం, జిగురు మందు పోసి బిగించడం. ఇవి ఇంటికి చేర్చవచ్చు, ఏడాది నడపవు. చుక్కలు పొడిచిన వాలు ఆ చుక్కల మీదనే నిలుస్తుంది, నిండుగా తాకదు. రెండవసారి వదులయ్యేటప్పటికి బాగు చేయడానికి వాలే మిగలదు.

ఇంత వివరం రాజకీయ విషయాలు చదివే పాఠకులకు దేనికని ఎవరైనా అడగవచ్చు. విషయం అక్కడే ఉంది. పైన చెప్పిన పనిలో లోహశాస్త్రం ఉంది, విద్యుచ్ఛక్తి ఉంది, కొలత ఉంది, ముఖ్యంగా లక్షణానికీ కారణానికీ భేదం ఎరిగిన వివేకం ఉంది. టెల్కో నీడన, ఖర్కాయి ఆవలి ఒడ్డున ఆదిత్యపూర్‌లో మోటారు విడిభాగాల చిన్న కార్ఖానాలు పెరిగిన ప్రాంతం గనుక అక్కడి చేతులకు వాలు, కీ, ఇరుసు అంటే ఏమిటో తెలుసు. మరి ఆ చేతులకు ప్రభుత్వ పుస్తకాల్లో ఉన్న విలువ ఎంత?

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు'పై ఒక సంఘాన్ని నియమించింది. అదే సంవత్సరం డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించింది. సేద్యపు పనిముట్లు, సెల్ ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు ఈ నాలుగూ దాని పరిధి. ఆశయం మెచ్చదగినదే. తయారీదారు విడిభాగాలను, సమాచారాన్ని దాచిపెట్టరాదనడం న్యాయమే. కాని తయారీదారే లేని బండి సంగతేమిటి? లక్నో సంస్థ 1997లో స్కూటర్లు ఆపింది. 2021 జనవరిలో దాని మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆల్విన్ పేరు జ్ఞాపకంగా మిగిలింది. ప్రభుత్వమే తయారు చేసి అమ్మిన బండికి కీ ఎక్కడ దొరుకుతుందో చెప్పే బాధ్యత ఏ పోర్టలుకూ లేదు. ఆ బాధ్యతను లేతు మిషను ముందు నిలబడిన టర్నరు మోస్తున్నాడు.

పనివాడి నేర్పును గుర్తించే పథకం లేదా అంటే ఉంది. 2015లో ఆరంభమైన కౌశల్ వికాస్ యోజనలో, బడికి పోకుండా పని నేర్చినవారిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంది. అయితే ధ్రువపత్రం చేతికి వచ్చినంత మాత్రాన పుల్లరు రాదు, కొలత పానా రాదు. చెట్టు కింది మెకానిక్ సుత్తితో కొట్టడం తరచు అజ్ఞానం వల్ల కాదు, పుల్లరు లేకపోవడం వల్ల.

రెండవ పక్షం వాదనను కూడా నిజాయితీగా వినాలి. పాత రెండు స్ట్రోకుల ఇంజను గాలిని చెరుస్తుంది. పెట్రోలుతో పాటు నూనె కాలుస్తుంది. కాలని పెట్రోలులో కొంత భాగం నేరుగా పొగగొట్టం నుంచి పోతుంది. 2000 సంవత్సరం నుంచి కఠినమైన నిబంధనలు రావడానికి, ఆ ఇంజన్లు తెరమరుగు కావడానికి కారణం అదే. ఊపిరి ఆడని నగరానికి ఆ పొగ అక్కరలేదు. ఈ వాదనను కొట్టివేయడం బాధ్యతారాహిత్యం అవుతుంది. అయితే వదులైన చక్రంతో, తప్పిన స్పార్కుతో నడిచే ఇంజను మరింత పొగ చిమ్ముతుందన్నది కూడా అంతే నిజం. మంచి మరమ్మతు పొగను తగ్గిస్తుంది. అందుచేత పరీక్షించవలసినది బండి పుట్టిన తేదీ ఒక్కటే కాదు, బండి స్థితి.

ప్రభుత్వ రుసుములు స్థితిని కాక తేదీని చూస్తాయి. 15 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనపు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు 300 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 1,000 అయింది. 2025 ఆగస్టులో వచ్చిన సవరణ 20 ఏళ్లు దాటినవాటికి దానిని 2,000 చేసింది. వింటేజి గౌరవం కావాలంటే కొత్త నమోదుకు 20,000, పాత నమోదు మార్పుకు 5,000. ఆ గౌరవం పొందిన బండిని నిత్యం వాడరాదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కరాదు. సంగ్రహశాల గల శ్రీమంతుడికి ఇది సమ్మతమే. 1975 నాటి విజయ్ స్కూటరుకు 2025లో 50 ఏళ్లు నిండాయి. దాని మీద కూరగాయలు తెచ్చుకునే గోవింద్‌పూర్ పెద్దాయనకు ఆ గౌరవం దేనికి? ఆయనకు కావలసినది బండి అంగడికి పోయి తిరిగి రావడం.

అడగవలసినవి పెద్ద కోరికలు కావు. వయసుతో పాటు పొగ, బ్రేకుల పరీక్ష ఫలితాన్ని కూడా రుసుముకు ప్రాతిపదిక చేయాలి. ప్రభుత్వ రంగంలో తయారై ఆగిపోయిన వాహనాల కొలతల పటాలను ఐటీఐలకు, చిన్న లేతు కార్ఖానాలకు అందుబాటులో ఉంచాలి. నేర్పు గల మెకానిక్‌కు ధ్రువపత్రంతో పాటు పుల్లరు, కొలత పానా గల పెట్టెను కూడా ఇవ్వాలి. ఈ మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక తుక్కు కేంద్రం ప్రారంభోత్సవపు ఖర్చును మించదని చెప్పడానికి ఆర్థికవేత్త కానక్కరలేదు.

చక్రం వదులైనప్పుడల్లా నట్టును మరొక చుట్టు బిగించడం మన పరిపాలనకు అలవాటయింది. రుసుము పెంచడం, గడువు కుదించడం, బంకు దగ్గర ఆపడం అన్నీ నట్టు మీది బిగువే. పట్టు ఉండవలసినది లోపల, రెండు వాలులు తాకే చోట. ఈ భేదం గోవింద్‌పూర్ మెకానిక్ వేలి కొనకు తెలుసు. రవాణా భవన్‌లోని బల్లల దాకా అది ఎప్పుడు చేరుతుందో చూడాలి.